బెల్లం దిమ్మలు మోసిన కారులో ఉప్మాకకు

అప్పారావు బావ కారు అమ్మేస్తున్నాడన్న కబురు మొదట నాకు తెచ్చింది మా అక్క కూతురు సుజాత. అనకాపల్లి నుంచి కాకినాడ వెళ్తూ పిఠాపురంలో మా ఇంటి దగ్గర దిగి, మంచినీళ్ళయినా తాగకుండా చెప్పింది. "సోమవారం కొనేవాళ్ళు వత్తన్నారు పిన్నీ. నాన్న మూడు ముద్దలు తిని లేచిపోతన్నాడు."

ఎర్ర రంగు కారు అది. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. లేతు మిషను పని మానుకున్నాక, ఎవరి షెడ్డులోనో మూలపడి ఉన్న ఆ పాత స్పోర్ట్స్ కారును బావ ముచ్చటపడి తెచ్చుకున్నాడు. అందులో అక్కను కూర్చోబెట్టుకుని ఉప్మాక వెంకన్న దర్శనానికి వెళ్ళాలని ఆయన కోరిక. మొదటిసారి ఊరు దాటకముందే గోతి గోతికీ కారు కిర్రుమంది, అక్క నడుము అదిరింది. ఇంక ఎక్కనని ఒట్టు పెట్టుకుంది. ఆయన స్ప్రింగులు మార్పించాడు, షాక్ అబ్సార్బర్లు మార్పించాడు, మొన్న రబ్బరు బుష్షులు కూడా కొత్తవి వేయించాడు. చప్పుడు తగ్గలేదు సరికదా పెరిగింది. అక్క ఎక్కని కారు ఎందుకని అమ్మకానికి పెట్టాడు.

అన్నీ కొత్తవి వేసినా ఎందుకు కుదరలేదో చూడాలనిపించింది. ఇంట్లో తాతగారు చెప్పిన చదువే నాది. అందులో యంత్రాల ఊసు లేదు, కానీ తెలియనిది అడగడానికి సిగ్గుపడొద్దని ఆయన నేర్పారు. అందుకు ఇప్పటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను.

శనివారం పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను. మీరు వెళ్తే ఎడమవైపు కిటికీ పట్టుకోండి, ఎండ పడదు, తుని దగ్గర నుంచి కొండలు తోడు వస్తాయి. ఇంట్లో వేసుకొచ్చిన దిబ్బరొట్టె తుని దాటాక తిన్నాను.

ఎలమంచిలిలో చేపల బుట్టతో ఒకామె ఎక్కి తలుపు దగ్గర కూర్చుంది. పేరు నూకరత్నం. అనకాపల్లిలో దిగేటప్పుడు బుట్ట ఎత్తడానికి సాయం పట్టబోతూ, ముందుగా ఆమె నెత్తిమీది చుట్టకుదురు సరిచేయబోయాను. నవ్వింది.

"కిందున్నప్పుడు ఎంత సద్దినా లాభం లేదు తల్లీ. బుట్ట నెత్తికెక్కి బరువు తెలిసేక, అప్పుడు సద్దుకోవాల. ముందే సద్దితే నాలుగడుగులకి జారిపోద్ది."

బుట్ట ఎత్తుకుని మెడ అటూ ఇటూ ఆడించి కుదురుకుంది. ఉప్మాక వెళ్ళే ఆలోచన ఉందని దారిలో చెప్పాను కాబోలు, వెళ్తూ వెళ్తూ అంది. "సామికి నా మెడనొప్పి సంగతి ఒక మాట సెప్పు."

ఆటోలో అక్కావాళ్ళ ఇల్లు చేరేసరికి పది దాటింది. పెరటి షెడ్డులో కారు జాకీల మీద ఉంది, నాలుగు చక్రాలూ గాలిలో వేలాడుతున్నాయి. పక్క వీధి మెకానిక్ రాజు కింద పడుకుని బుష్షుల బోల్టులు మళ్ళీ బిగిస్తున్నాడు.

"మీ అక్క ఎక్కనంటాది, ఇది మూలగడం ఆపనంటాది. ఎవరికో ఒకరికి నువ్వే నచ్చజెప్పు," అన్నాడు బావ.

నేను గొంతుక్కూర్చుని రాజును అడిగాను. చక్రాన్ని పట్టుకున్న ఇనుప చేయి ఈ రబ్బరు బుష్షు మీదే పైకీ కిందకీ ఆడుతుందట, బోల్టు బిగించాక రబ్బరు ఆ భంగిమలోనే పట్టేస్తుందట.

"మరి కారు కిందకు దించితే ఈ చేయి ఇలాగే ఉంటుందా నాయనా?"

"ఉండదమ్మా. బరువుకి పైకి లేత్తాది."

"అయితే వేలాడుతుండగా బిగించిన రబ్బరు, దించగానే మెలిపడిపోదూ?" అని నూకరత్నం మాట చెప్పాను.

రాజు చేతిలో పానా ఆగింది. "మామా, ట్రాక్టర్లు బాగుసేసే అలవాటున గాల్లోనే బిగించేసేం. నేల మీద, ఇద్దరు మనుసులు కూకున్న బరువుతో బిగించాల."

"నేనైతే ఎక్కను," వంటింట్లోంచే అంది అక్క.

ఎదురింటి బెల్లం గిడ్డంగి నుంచి దిమ్మలు తెప్పించారు. కారును షెడ్డులో మెకానిక్ దిగి పనిచేసే గుంట మీదకు దించి, బోల్టులు వదులు చేసి, బావ సీటులో గోనె పరిచి ఆయన బరువుకు సరిపడా దిమ్మలు పేర్చారు. అక్క సీటు దగ్గరకొచ్చి బావ ఆగాడు.

"నీకెన్ని పెట్టమంటావే?"

అక్క గుమ్మంలోకి వచ్చింది. "రెండు సాలు."

"రెండంటే ఇస్కూలు పిల్ల బరువు, అత్తా," అన్నాడు గుంటలోంచి రాజు.

"నా బరువు బజార్లో సెప్పుకోవాలేటి?"

బావ నాలుగు పెట్టాడు. అక్క వచ్చి ఒకటి తీసి కింద పెట్టేసింది.

"తక్కువైతే మళ్ళీ కిర్రుమంటాది అత్తా. సోమవారం మామ అమ్మేత్తాడు, నాకేటి."

అక్క కాసేపు ఆ మూడు దిమ్మల వైపు చూసింది. తీసినదాన్ని తనే ఎత్తి సీటులో పెట్టింది. "ఇంకోటి కూడా పెట్టండి. ఈమధ్య కొంచెం ఒళ్ళొచ్చింది," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ బరువు మీద రాజు బోల్టులు బిగించాడు. బావ చేతులకు లేని గ్రీజును చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆదివారం ఇద్దరూ కారులో బయల్దేరతామన్నారు. మూడో సీటు లేదు కనుక నేను ముందుగా ఆర్టీసీ కాంప్లెక్సులో తుని బస్సెక్కి, నక్కపల్లిలో దిగి, ఆటోలో ఉప్మాక చేరాను. ఆటోలు అక్కడ విరివిగా దొరుకుతాయి. కొండ మెట్ల దగ్గర కూర్చుని స్వామి నామాలు చెప్పుకుంటూ దారివైపే చూశాను. వస్తారనుకున్న వేళ దాటిపోయింది. నా మాట పట్టుకుని బిగించిన బోల్టులు కదా, అక్క నడుముకు ఏమైనా అయితే ఆ పాపం నాదే.

చివరికి చెరకు ట్రాక్టరు వెనక ఎర్రగా ఏదో మెరిసింది. ఎప్పుడూ చప్పుడు ముందొచ్చే కారు, ఆ రోజు ముందు కనబడింది.

బావ చేయి పట్టుకుని అక్క దిగింది. కారంతా బెల్లం వాసన.

"నడుము ఎలా ఉందే?" అన్నాను.

"నడుం బాగానే ఉంది. ఈయన్తోనే పడలేకపోయేను. దారంతా 'వినబడిందా, వినబడిందా' అని ఒకటే గోల. ఏటి వినబడాల? ఏటీ లేదు కదా."

బావ కొనేవాళ్ళకు ఫోన్ చేసి రావద్దని చెప్పాకే మెట్లెక్కాడు.

దర్శనమయ్యాక వాళ్ళు అనకాపల్లి వైపు తిరిగారు. నేను నక్కపల్లి నుంచి తునికి బస్సులో వచ్చి, సాయంత్రం రైలెక్కాను. అన్నీ కొత్తవే వేసినా, మోసే బరువు మీద ఉండగా బిగించకపోతే కుదురు రాదని ఈ ప్రయాణంలో తెలుసుకున్నాను. తెలిసేలా చేసిన స్వామికి కృతజ్ఞతలు.

నూకరత్నం సంగతి ఆయనకు విన్నవించాను. కానీ ఆ మెడ రోజూ మోస్తుంది, నేను ఒక్కసారి చెబితే సరిపోదు. మీలో ఎవరు ఉప్మాక వెళ్ళినా, మీ కోరికలు చెప్పుకున్నాక ఎలమంచిలిలో రైలెక్కే నూకరత్నాన్ని గుర్తుచేసుకోండి. ఆమె మెడనొప్పి గురించి ఒక మాట చెప్పండి.