రంజను కింద బావిమొక్క

మా అత్తమ్మ పెద్దవంగర నుంచి మహబూబాబాద్‌లోని మా ఇంటికి రెండు సంచులతో వచ్చింది. ఒకదాంట్లో చీరలు. ఇంకోదాంట్లో సున్నం అంటిన పాత ఇటుకముక్క, దాన్ని కరుచుకుని నల్లటి సన్న కాడల ఫెర్న్ మొక్క. ఆమె, మామయ్య ఏళ్ల తరబడి నీళ్లు తోడుకున్న చేదబావి గోడలో పెరిగిందది. మామయ్య పోయాడు. ఎండిన బావిని ఈమధ్యే పూడ్చేశారు. మట్టి పోసే ముందు ఒక మనిషిని దింపి మరీ ఆ ముక్కను ఊడదీయించింది.

చీరల సంచి మాత్రం విప్పలేదు. బీరువాలో ఒక అర ఖాళీ చేసి చూపిస్తే, "ఎందుకు బిడ్డా, నాలుగొద్దులుండి పోయేదాన్నే" అంది. ఊళ్లో ఒక్కతే ఎట్లా ఉంటుందని అడగడానికి నాకు నోరు రాలేదు. అదీ, గయ్యాళినని మా వాడకట్టు మొత్తం చెప్పుకునే నాకు.

మొక్క పని ఆమే చూసుకుంది. పత్తి, మిరప పండించిన చెయ్యి. కుండీలో నల్లరేగడి నింపి, మాగిన పెంటెరువు కలిపి, డాబా మీద మంచి ఎండలో పెట్టింది.

"అత్తమ్మా, నీడకు పెరిగింది గదా, గింత ఎండ తట్టుకుంటదా?" అన్నాను.

"ఎండ లేంది చెట్టెట్ల బతుకుతది? ఎవుసం నాకు నేర్పుతున్నవా?"

వారం తిరక్కుండానే ఆకులు నూనెలో వేగిన కరివేపాకులా అయ్యాయి. ఆ పూట ఆమె అన్నం సరిగా తినలేదు. మరునాడు సంచి తెచ్చి గుమ్మం పక్కన పెట్టుకుని, "బస్సు ఎప్పుడుంటది బిడ్డా?" అంది. మీ కొడుకును డ్యూటీ నుంచి రానియ్యమని మాట దాటేశాను. ఆ తర్వాత రోజుకో సాకు. ఆమె చేతి మామిడికాయ తొక్కు కావాలని ఒకరోజు, నాకు నడుం నొప్పని ఇంకోరోజు. సంచి గుమ్మం దగ్గరే ఉంది.

ఆకులెండి మిగిలిన వేళ్లను పారేయడానికి నాకు చేతులు రాలేదు. ఎరువంతా కడిగేసి, ఇటుకతో సహా వంటింటి వెనక రంజను కింద పెట్టాను. ఎండాకాలం మంచినీళ్లకు పెట్టే ఆ పెద్ద కుండ ఎప్పుడూ చెమరుస్తూ ఉంటుంది, కింది ఇసుక తడారదు. పైగా గోడ నీడ. బావిలో దానికి ఉన్నదీ అంతే కదా, ఎరువెవరు వేశారు?

తొలకరి పడ్డాక ఒక పొద్దున నీళ్లు ముంచుకోబోతూ కిందికి చూశాను. ఇటుకను ఆనుకుని మొలకలు, పసిపిల్ల పిడికిలిలా ముడుచుకుని.

"అత్తమ్మా, జర ఇటు రాండ్రి."

వచ్చి గొంతుక్కూర్చుంది. తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీ మామ చేద గుంజినప్పుడల్లా గింతన్ని నీళ్లు దీని మీద చిలకరిచ్చేటోడు. నేను నవ్వేదాన్ని" అంది. ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం.

కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "నువ్వు బిందెలు బిందెలు కుమ్మరిస్తవు, మురిగిపోతది. దీన్ని నేనే జూస్కోవాలె" అని నన్నే కసిరింది. గుమ్మం దగ్గరికి వెళ్లి సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆ బీరువల నాకు జూపిన అర ఇంకా ఖాళీగనే ఉన్నదా బిడ్డా?"