ఎస్తేరక్క పీత

నిన్న నరసన్నపేట బస్సులో పక్క సీటు అమ్మాయి ఫోనులోంచి బుడబుడమని నీటి చప్పుడు వినిపించింది. ఆటలో పీత గాయం మాన్పుకుంటున్న చప్పుడది. నా బొటనవేలు దానంతటదే కదిలింది. ఎస్తేరక్క నా భుజం మీదుగా తొంగి చూస్తున్నట్టే అనిపించింది.

విజయనగరంలో డిగ్రీ మొదటి ఏడాది చదివేటప్పుడు హాస్టల్లో మాది ఒకే గది. అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. కోటబొమ్మాళి పిల్ల. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేది, మిగతా రోజులు అదే గొంతుతో మమ్మల్ని తిట్టేది. అప్పట్లో హాస్టలంతా ఈ ఫోను ఆట పిచ్చే. ఒక్కొక్కరికి మూడు వింత జంతువులు. ప్రతిసారీ ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఎత్తు ఎంచుకోవాలి. రెండూ కలిసే తెర మీద జరుగుతాయి. మూడూ పడిపోయినవాళ్లు ఓడినట్టు. నేను నిప్పులు కక్కేవాటినే పెంచేదాన్ని. అక్క దగ్గరేమో ఒక పీత. దాని దెబ్బకి దోమ కూడా చావదు. అలాంటిది, మొదటి ఆటలోనే నా మూడింటినీ అదొక్కటే పడగొట్టింది.

"ఇదేటక్కా, మోసం!" అన్నాను.

"మోసమేటే పద్దూ? ముందే ఇసం ఎక్కించీసినాను. నువ్వు నా డిప్ప మీద బాదుకుంటూ కూకున్నావు. ఈలోపు నీ పాణం కరిగిపోనాది," అని పకపకా నవ్వింది.

పంతం పట్టి నేనూ ఒక పీతను పెంచాను. దెబ్బ తగలగానే మందు వేయడం, డిప్పలో దూరడం, మళ్లీ మందు. అయినా ఓడుతూనే ఉన్నాను. ఒక సాయంత్రం అక్క విసుగొచ్చి నా పక్కన చతికిలబడింది. "డిప్పలో దాక్కోడానికేటే దీన్ని పెంచినావు? నువ్వు మందేసినప్పుడల్లా ఎదుటోడు బలం పెంచుకుంటన్నాడు, సూడు. ఆడేటి సెయ్యబోతన్నాడో ముందు అది ఆలోసించు. కొడతాడనిపిస్తే డిప్ప మూసుకో. బలం పెంచుతాడనిపిస్తే అల ఇసురు." అల తగిలితే ఎదుటి జంతువు కూడబెట్టుకున్న బలమంతా కొట్టుకుపోతుంది. ఆ ఎత్తు నా పీతకూ ఉంది. నేనే దాన్ని పట్టించుకోలేదు.

ఆ ఏడాది కాలేజీల మధ్య పోటీలో మా తరఫున అక్క ఆడాలి. తీరా ఫైనల్ రోజే ఆమెకు ప్రాక్టికల్ పరీక్ష పడింది. "పద్దు ఆడతాది," అని చెప్పేసి ల్యాబ్‌కి వెళ్లిపోయింది. "ఆడపిల్లల్ని పంపిస్తే ఇంతే" అని ముందే గొణుగుతున్న మా క్లాసు అబ్బాయిలు మొదటి వరుసలోనే కూర్చున్నారు. నా రెండు జంతువులూ చూస్తుండగానే పడిపోయాయి. మిగిలింది పీత, దానికీ పావు వంతు ప్రాణం. అవతలివాడికీ ఒక్కటే మిగిలింది, కొమ్ముల దున్న. దానికి విషం ఎక్కించగలిగాను గానీ, అది అప్పటికే బలం పెంచుకుని ఉంది.

"మందు! మందెయ్యి!" హాలంతా ఒకటే అరుపు. ఆ అరుపు అవతలివాడికీ వినిపిస్తోంది కదా అని తట్టింది. నేను మందే వేస్తానని నమ్మితే, వాడు కొట్టడు; ఇంకాస్త బలం పెంచుకుని వచ్చేసారి ఒక్క దెబ్బకి తేల్చేస్తాడు. కాదు, ఇప్పుడే కొట్టాడంటే నా పని అయిపోయినట్టే. కళ్లు మూసుకుని అల నొక్కాను.

దున్న బలం పెంచుకుంది. వెనకే అల లేచి ఆ బలాన్నంతా కడిగేసింది! వాడికి కోపమొచ్చి మీదికొచ్చాడు. నేను డిప్ప మూసుకున్నాను. విషం దాని ప్రాణాన్ని చివరి చుక్క దాకా లాగేసింది. దున్న కూలింది.

హాలు దద్దరిల్లింది. తెల్లకోటుతోనే గుమ్మంలో నిలబడి చూసిన ఎస్తేరక్క కుర్చీలు తోసుకుంటూ వచ్చి నన్ను అమాంతం పైకెత్తేసింది. "మందెందుకు ఎయ్యలేదే?" అంది. హాలు అరుపులు విని వాడేమనుకుంటాడో ఊహించానని చెప్పాను. అక్క అందరికీ వినబడేలా అరిచింది: "ఇది నేను నేర్పనేదు! నేనైతే మందేసీదాన్ని, ఓడిపోయీదాన్ని!"

ఇప్పుడు భోగాపురంలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మొన్న ఒక పిల్ల, నేను బోర్డు నిండా రాసిన లెక్కను మూడు వరుసల్లో తేల్చేసింది. నా సుద్దముక్క ఎక్కడ పడిందో తెలియదు. "ఇది నాకు తట్టలేదు!" అని పక్క తరగతికి కూడా వినబడేలా అరిచాను.