మామ్మ తోటలో వదిలిన పిడుదులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చీమను తొక్కినా మామ్మ ఊరుకునేది కాదు. అమలాపురం దగ్గర వేదం చెప్పుకునే ఇల్లు మాది. పొద్దున్నే ఆవు చెవుల్లోనూ పొదుగు మీదా పట్టిన పిడుదులను ఒక్కొక్కటే ఊడదీసి, ఆకుదొన్నెలో వేసి, పెరటి వెనక కొబ్బరితోటలో వదిలి వచ్చేది. నలిపెయ్యమంటే "దాని ప్రాణం దానిదిరా" అనేది. ఆవు రక్తం తాగే పురుగుకి ఇంత మర్యాదేమిటని మా నాన్నగారు విసుక్కునేవారు.

ఆ తోటలోనే మా చెల్లెలు ఆడుకునేది. ఒక వేసవిలో దానికి జ్వరం పట్టుకుంది. మలేరియా బిళ్ళలు వేశారు, దిష్టి తీశారు, జ్వరం దిగలేదు. ఒళ్ళంతా ఎర్రటి మచ్చలు లేచేసరికి అమ్మవారు పోసిందన్నారు. చెల్లెలు పిలిచినా పలకడం మానేసింది. ఇక దక్కదేమోనని నాకు ఏడుపు ఆగేది కాదు.

ఊళ్ళో డాక్టరుగారు వచ్చి దాని అరచేతులూ అరికాళ్ళూ చూశారు. అక్కడా మచ్చలే. మీకు పశువులున్నాయా అని అడిగి, జుట్టు పాయలు పాయలుగా విడదీస్తూ చెవి వెనక ఆగారు. ఆముదం గింజంత పిడుదు! మెల్లగా పట్టకారుతో లాగి స్పిరిటు సీసాలో వేశారు. పిడుదు ఒంట్లో కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయనీ, కుట్టినప్పుడు అవి మన రక్తంలోకి ఎక్కుతాయనీ చెప్పారు. పరీక్షకు చెల్లెలి రక్తం కాకినాడ పంపించి, కబురు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టారు.

పరీక్షలో పిడుదు జ్వరమేనని తేలింది. అప్పటికే చెల్లెలు లేచి కూర్చుని మజ్జిగన్నం అడుగుతోంది. కబురు చెప్పడానికి వచ్చిన డాక్టరుగారి ఎదుట మామ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నేనొదిలినవేనా, బాబూ?"

ఆయన సంచిలోంచి ఒక స్పిరిటు సీసా తీసి మామ్మ చేతికిచ్చారు. "ఏ పిడుదు ఎక్కణ్ణించొచ్చిందో ఏ పరీక్షా చెప్పదండీ, మామ్మగారూ. రేపట్నించి వాటిని ఈ సీసాలో వేసి నాకు పంపించండి. ఎందులో జబ్బుందో చూడాలి కదండీ."

"ఆయ్," అంది మామ్మ.

సీసాలో పడితే అవి చస్తాయని ఆమెకు తెలుసు. రోజూ దేవుణ్ణి తలుచుకుంటూ వేసేది. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా చెల్లెల్ని ఒళ్ళోకి తీసుకోవడానికి చాలాకాలం జంకింది. ఆ సీసాలను డాక్టరుగారు నిజంగా పరీక్షించారో, మామ్మ చేత తోటలో వదలడం మాన్పించడానికే అడిగారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా మనవరాలికి ఒళ్ళు వెచ్చబడితే ఎక్కడ ఏం కుట్టిందోనని తల నుంచి కాళ్ళ దాకా వెతుకుతాను. ఎవరి వల్ల వచ్చిందని మాత్రం ఇంట్లో ఎవరినీ అడగను.