ఫ్లెక్సీలో తుపాకి

డోన్‌లో థియేటర్ ముందు కట్టిన ఫ్లెక్సీలో మొహం నాదే, ఒళ్లు మాత్రం ఎవరిదో. చేతిలో తుపాకి, ఛాతీ నిండా పతకాలు, వెనకాల మంటలు. యుద్ధం సినిమా విడుదల రోజు ఉదయం ఆటకు ముందు మాజీ సైనికుడిగా నాకు సన్మానమని పిలిచారు. నేను పట్టాళంలో పదిహేడేళ్లు వంట చేశాను. ఆ బొమ్మ చూడగానే ఒళ్లు మండిపోయింది.

థియేటర్ యజమానిని నిలదీశాను. ఆయనకు నవ్వొచ్చింది.

"ఏమప్పా, గరిటె పట్టుకున్నోన్ని చూసేకి ఎవురొస్తారు? నువ్వు ఊరికే నిలబడు, చాలు."

ఆయన్ని అని ఏం లాభం? ఈ అబద్ధం మొదలుపెట్టింది మా నాన్న. పత్తికొండ దగ్గర మా ఊళ్లో మాది భూములున్న ఇల్లు. మగవాడు పొయ్యి దగ్గరికి పోవడం నామోషీ. మంచినీళ్లు కావాలన్నా కూర్చున్న చోటి నుంచే కేకేసేవాళ్లం. అలాంటి ఇంటి కొడుకు మిలిటరీలో రొట్టెలు కాలుస్తున్నాడని నాన్న ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? బార్డర్లో తుపాకి పట్టాడని ఊరంతా చెప్పేశాడు. సెలవుల్లో వచ్చినప్పుడు నేనూ కాదనలేదు. మీసం మెలేసుకుని తిరిగాను కూడా. ఆ తప్పు నాది. అన్నకు తెలుసు కానీ, నాన్న పోయాక కూడా అమ్మకు నిజం చెప్పలేదు.

ఆ రోజు అమ్మ ముందు వరుసలోనే కూర్చుంది. స్టేజి మెట్ల దగ్గర మా అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"వంట సంగతి ఎత్తాకు. ఇంతమందిలో అమ్మ తల యాడ పెట్టుకుంటాది? దండ ఏపిచ్చుకోని దిగిపో."

ఎక్కాను. దండ వేశారు. శత్రువుల్ని చీల్చి చెండాడిన వీరుడని యజమాని మైకులో అరుస్తుంటే ఈలలు. దండ తీసి బల్ల మీద పెట్టి మైకు లాక్కున్నాను.

"నేను ఎవురినీ కాల్చలే. పట్టాళంలో వంటోన్ని. బయట కట్టిన బొమ్మ అబద్ధం."

హాలంతా నవ్వులు. సాంబారు బాగా పెడతావా అన్నా అని వెనక నుంచి ఎవడో అరిచాడు. అన్న తల దించుకున్నాడు. యజమాని మైకు కోసం చెయ్యి చాపాడు. చచ్చినా ఇవ్వలేదు. నవ్వితే నవ్వనీ. ఇన్ని యుద్ధం సినిమాలు చూశాను. వాటిలో జవాన్లు పాటలు పాడతారు, ఉత్తరాలు చదువుకుంటారు, జెండా పట్టుకుని కొండలెక్కుతారు. ఒక్కడికీ ఆకలి వేయదు. అదెట్లా కుదురుతుందో తీసినవాళ్లే చెప్పాలి. నా మాట అయ్యేదాకా లైట్లు ఆర్పొద్దని గట్టిగానే చెప్పాను.

అప్పుడు ముందు సీటు పట్టుకుని అమ్మ లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"ఏంరా, ఆడ ఏం వండుతాంటివి?" అంది.

చెప్పాను. మంచు కొండల్లో ఉర్లగడ్డలు, అదే బంగాళదుంపలు, గడ్డకట్టి రాళ్లయిపోతాయని, కుక్కర్ ఎన్ని కూతలు కూసినా పప్పు ఒక పట్టాన ఉడకదని చెప్పాను. గుండ్లు పడే రోజుల్లో పగలు పొగ కనపడకూడదు. అందుకే తెల్లారక ముందే పూరీలు కాల్చి, మూట వీపున కట్టుకుని కొండ మీది కాపలా పోస్టుకు ఎక్కేవాణ్ని. ఒక పొద్దున పదకొండు మందికి మోసుకుపోయాను. తినడానికి ఏడుగురే మిగిలున్నారు.

హాల్లో ఎవరూ నవ్వలేదు. అమ్మ ఇంకా నిలబడే ఉంది.

"ఆ నలుగురి పూరీలు ఏం చేసినావు?"

"తినేసినామమ్మా. అందరం కూచోని, ఏడుస్తా తినేసినాం. పారేసేకి మనసు రాలే."