బాపు కళ్లు

మా బాపుకు ఉన్నది ఒకే ఒక్క ఫొటో. అదీ ఆయన పోయాక తీసింది. మా కోరుట్ల వైపు అప్పట్లో ఫొటో లేకుండా మనిషి పోతే, పాడె ఎక్కించకముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఇంట్లోవాళ్లను చుట్టూ నిలబెట్టి తీయించేవారు. అందులో బాపు కళ్లు మూసుకుని ఉంటాడు. పక్కన అమ్మ, ఆమె చంకలో నేను, కాళ్ల దగ్గర అన్న.

ఇప్పుడు దానికి బూజు పట్టింది. అంచుల నుంచి తెల్లటి మరకలు బాపు భుజం దాకా పాకాయి. దుబాయ్‌లో ఉన్న అన్న ఫోన్ల మీద ఫోన్లు.

"చెల్లే, మంచిగ జేపియ్యి. కండ్లు గూడ తెరిపియ్యి. ఇప్పుడు కంప్యూటర్ల అన్నీ అయితయ్."

చెప్పడానికేం, కాళ్లు అరిగేది నావి. నేను ఉద్యోగం చేసే సిరిసిల్లలో అడిగాను, కోరుట్లలో అడిగాను. ఒకాయన కోటు తొడుగుతానన్నాడు, ఇంకొకాయన వెనక జలపాతం పెడతానన్నాడు. ఊరొదిలి పోయి భీవండి మగ్గాల మీద బతికిన మనిషికి జలపాతం ఎందుకయ్యా! విసుగొచ్చింది. మరకలు మటుకు తుడిపించి, ఉన్నది ఉన్నట్టు దాచుకుందామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"ఎన్నేండ్లని పండుకున్న మొకాన్నే జూడాలె? ఒక్కపారన్న నా దిక్కు జూడనియ్యి" అంది.

మొన్న ఆదివారం ఆమెను తీసుకుని జగిత్యాల బస్సెక్కాను.

అక్కడి స్టూడియో అతను ఫొటోను తెర మీద పెద్దది చేసి అమ్మను అడిగాడు. "అవ్వా, ఆయన కండ్లు ఎట్లుండె? పెద్దయా, సిన్నయా? జర జెప్పు."

అమ్మ నా వైపు చూసింది. నాకేం తెలుసు, అప్పటికి నాకు నడక కూడా రాలేదు. అన్నకూ గుర్తు లేదు. అతను మళ్లీ అడిగాడు.

"నేనేడ జూసిన బిడ్డా" అంది అమ్మ చివరికి, నాతోనే. "మా అత్త ముంగట తలకాయ లేపుదునా? ఆయన అచ్చేదే ఏడాదికొకపారి. అన్నం బెట్టేటప్పుడు గూడ కాళ్ల దిక్కే జూస్తుంటి. దీపం ఆర్పినంకనే మాటలు."

నాకు ఏడుపు ఆగలేదు. అతను మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

అమ్మ తెర దగ్గరికి జరిగి, బాపు మూసిన రెప్పల మీద వేలు పెట్టింది.

"గీ ఫొటో దిగిన పొద్దే మొకం నిండ జూసిన. ఎవ్వలు ఏమనలే. ఇప్పుడు కండ్లు తెరిస్తే నేను మల్ల తలకాయ దించుకోవాలె. వద్దు బిడ్డా, గట్లనే ఉండనియ్యి."