కిటికీకి కట్టిన కంబళి

చలి మొదలవగానే ట్రంకుపెట్టె తెరిచి కంబళ్ళన్నీ ఎండలో వేసే అలవాటు మా ఇంట్లో ఇంకా పోలేదు. స్మృతి నగర్‌లోని ఈ ఇంటి డాబా మీద, ఒక్కొక్కటే దులిపి పిట్టగోడ మీద పరుస్తుంటే, నాఫ్తలీన్ గోళీల ఘాటు కిందనుంచి ఆకుపచ్చ కంబళిలో మరో వాసన సన్నగా తగులుతుంది. గాలి ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వైపు నుంచి తిరిగిన రోజుల్లో, అప్పట్లో మేమున్న సెక్టర్ 4 మీదికి వచ్చే, తారూ కుళ్ళిన గుడ్డూ కలిసినట్టుండే వాసన అది. ఇన్నేళ్ళు అది నిలిచి ఉంటుందా, లేక నా ముక్కే కల్పించుకుంటోందా అని ఏటేటా నాకు అనుమానమే. ఈ కంబళికి నాలుగు మూలలా పాత చీర అంచుల పేలికలు కుట్టి ఉంటాయి. కప్పుకునే కంబళికి కట్టుతాళ్ళెందుకని మా అబ్బాయి అడుగుతాడు. అది కిటికీకి కట్టడానికిరా అంటే వాడికి అర్థం కాదు. అర్థమయ్యేలా చెప్పాలంటే ఒకప్పటి ఊరంతా చెప్పుకురావాలి.

ఆ ఊళ్ళో ప్రతిదానికీ ఒక వరుస, ఒక రకం ఉండేవి. సెక్టర్లకు నంబర్లు, క్వార్టర్లకు టైపులు, మనుషులకు గ్రేడ్లు, ఇనుప ముక్కలకు సైతం ఏ కుప్పలోకి పోవాలో ముందే రాసిపెట్టి ఉండేది. మా వీధి పిల్లలం ఒకరి నాన్ననొకరం పేరుతో కాక షిఫ్టుతో గుర్తుపెట్టుకునేవాళ్ళం. ఎవరింట్లో ఎప్పుడు టీవీ పెట్టొచ్చో, ఎవరి అమ్మ ఎప్పుడు అప్పడాలు వేయిస్తుందో, ఎవరి సైకిలు ఎప్పుడు అడిగితే దొరుకుతుందో అన్నీ షిఫ్టును బట్టే తెలిసిపోయేవి. ఇన్ని రకాలు కట్టిన ఊరు మనసు దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు రకాలతో సరిపెట్టుకుంది. ఒకటి ఠీక్, అంటే బాగున్నవాడు, రెండోది పాగల్, అంటే పిచ్చివాడు. ఆటలో తొండి చేసినవాణ్ణి రాంచీ పంపించేస్తామని బెదిరించేవాళ్ళం, అక్కడి పిచ్చాసుపత్రి ఎలా ఉంటుందో మాలో ఒక్కరికీ తెలియకపోయినా.

నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి పగలు పడుకోవాలి కాబట్టి వీధివైపు కిటికీకి మందంగా ఏదో ఒకటి కట్టేవారు. ఒకరు పాత చాప, ఒకరు గోనెసంచి, మేము ఈ ఆకుపచ్చ కంబళి. కిటికీ మూసుకున్న ఇల్లు కనబడితే చాలు, వీధి తనంతట తానే గొంతు తగ్గించుకునేది. కూరల బండివాడు అక్కడికి రాగానే కేక ఆపి, నాలుగిళ్ళు దాటాక మళ్ళీ అందుకునేవాడు. మేము పిట్టూల్, అంటే మా తెలుగిళ్ళలో చెప్పే ఏడుపెంకులాట, పెంకులు మోసుకుని అవతలి మైదానానికి మార్చుకునేవాళ్ళం. ప్రెషర్ కుక్కర్ కూత వేయకముందే ఆడవాళ్ళు పరుగెత్తి స్టవ్ తగ్గించేవారు. తెలుగువాళ్ళు, ఛత్తీస్‌గఢీవాళ్ళు, బెంగాలీలు, మలయాళీలు ఒకే వరుస క్వార్టర్లలో ఉండి, ఒకరి భాష ఒకరికి సగమే వచ్చినా, ఈ మర్యాద మాత్రం అందరికీ పూర్తిగా వచ్చు. ఆ ఊరి మీద నాకున్న ప్రేమలో సగం దీనికే చెందుతుంది.

నాన్న రోలింగ్ మిల్లులో ఫిట్టరు. విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. పొడుగ్గా, గుబురు మీసాలతో, చేతులకు ఎప్పుడూ గ్రీజు వాసనతో ఉండేవాడు. ఏడాదిలో కొన్ని వారాలు, ఎక్కువగా దీపావళి వెళ్ళి చలి ముదిరే వేళ, అతను గోడవైపు తిరిగి పడుకుని లేచేవాడు కాదు. గడ్డం మాసిపోయేది. కంచం ముందు కూర్చోబెడితే అన్నం కలిపి కలిపి అలాగే వదిలేసేవాడు. పిలిస్తే పలకడానికి చాలాసేపు పట్టేది. అమ్మ లీవు చీటీ పక్కింటి వాళ్ళ చేత పంపించి, కంబళి తీసి కిటికీకి కట్టేది.

"నాన్నకి నైట్ డ్యూటీలు ఎక్కువైపోనాయి. నిద్ర సాల్లేదు. గోల సేయకండి" అనేది.

మేము నమ్మాం, వీధి నమ్మింది, అమ్మ కూడా మనస్ఫూర్తిగా నమ్మింది. వారవారం మారే షిఫ్టులు ఎవరి ఒంటికి మాత్రం పడతాయి? ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చిరాకుకి, తలనొప్పికి, మొగుడూ పెళ్ళాల పోట్లాటకి షిఫ్టే కారణం. ఆ మాట అన్నిటినీ మోసేది, దీన్నీ మోసింది.

ఆ వారాలకు పూర్తిగా ఎదురుగా ఇంకో రకం వారాలుండేవి. అవి మాకు పండగలు. ఒక ఏడు అలాంటి వారంలోనే పోలా వచ్చింది. ఎడ్లకు విశ్రాంతినిచ్చి పూజచేసే ఛత్తీస్‌గఢీ పండగ అది, పిల్లలు మట్టి ఎద్దులకు చక్రాలు బిగించి తాళ్ళు కట్టి లాక్కుపోతారు. మేం కాకీ, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటావిడ చేసే ఠేఠరీ, ఖుర్మీల కోసం పొద్దున్నుంచే ఆవిడ గుమ్మంలో కాపు కాసేవాళ్ళం. శనగపిండి ఠేఠరీలు కరకరలాడుతూ కారంగా, గోధుమపిండి ఖుర్మీలు బెల్లం పాకంతో గట్టిగా, పంటికింద నువ్వులు చిట్లుతూ ఉండేవి. తమ్ముడు ఒక్క ఎద్దు కావాలని అడిగితే నాన్న బజారుకు పోయి బుట్టెడు ఎద్దులు తెచ్చాడు. వీధిలో ఒక్క పిల్లవాణ్ణీ వదలకుండా పంచాడు. ఎద్దులన్నిటినీ ఒకే తాడుకు కట్టి, ముందు తాను నడుస్తూ, తన పల్లె వీధిభాగవతం పాటలు గొంతెత్తి పాడుతూ, మమ్మల్నందర్నీ సెక్టరంతా తిప్పాడు. ఆ వారాల్లో అతనికి నిద్రే ఉండేది కాదు, తెల్లారేసరికి పెరడు సగం తవ్వి ఉండేది. మాట్లాడుతుంటే ఒక మాట పూర్తికాకుండానే ఇంకొకటి వచ్చి పడేది. అలాంటి నాన్న ఇంకెవరికీ లేడని నేను గర్వపడేదాన్ని. తమ్ముడు ఆ ఇద్దరికీ పేర్లు పెట్టాడు, బుట్ట నాన్న, కంబళి నాన్న.

మరుసటి వేసవిలో మిల్లు పెద్దాయనొకరు దయతలచి నాన్నను జనరల్ షిఫ్టుకు మార్చారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావడమే, ఇక రాత్రుళ్ళు లేవు. అమ్మ ఆ రోజు పరవాన్నం వండింది. కంబళి ఉతికి, మడిచి, ట్రంకులో అడుగున పెట్టేసింది. వర్షాకాలమంతా హాయిగా గడిచింది. దీపావళి వెళ్ళింది. ఒక పొద్దున నాన్న గోడవైపు తిరిగి పడుకుని లేవలేదు.

అమ్మ కాసేపు అతని మంచం పక్కన నిలబడి, ట్రంకు తెరిచి కంబళి తీసింది. అలవాటుగా రెండు మూలలు కిటికీకి కట్టింది. మూడో మూల కడుతుండగా బయట ముగ్గు వేసుకుంటున్న కాకీ తలెత్తి చూసి, ఏ దురుద్దేశమూ లేకుండా, "భయ్యా తో అబ్ జనరల్ మే హై న?" అంది. అన్నయ్య ఇప్పుడు జనరల్ షిఫ్టే కదా అని. అమ్మ చేతులు అక్కడే ఆగిపోయాయి. జవాబు కోసం ఆమె వెతకడం నేను చూశాను. షిఫ్టు అన్న మాట ఇక మోయదు. దాని బదులు ఊళ్ళో దొరికేది ఒకే ఒక్క మాట, ఆ మాట ఆమె తన మొగుడికి పెట్టలేదు. కట్టిన రెండు మూలలూ విప్పి, కంబళి ఒళ్ళో పెట్టుకుని, గచ్చు మీద కూర్చుండిపోయింది. కాకీ ముగ్గు వదిలేసి లోపలికి వచ్చి పక్కన కూర్చుంది. ఆ మధ్యాహ్నమే నాన్నకు చొక్కా తొడిగి, రిక్షా ఎక్కించి, నలుగురం ఆస్పత్రికి వెళ్ళాం.

మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ నెమ్మదిగా, హిందీలో, ఒక్కొక్కటే అడిగింది. నిద్ర, ఆకలి, ఏడుపు, పని. బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా అన్నాడా అని అడిగినప్పుడు అమ్మ మమ్మల్ని వరండాలోకి పంపేసింది. తలుపు మూసుకుంది కాబట్టి ఆమె ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. డాక్టరమ్మ డిప్రెషన్ అని పేరు చెప్పి మాత్రలు రాసిచ్చింది. అమ్మకు ఆ పేరు అర్థం కాకపోయినా, పాగల్ అన్న మాట కాకుండా వేరే ఒకటి ఉందన్నందుకే ముఖం తేటపడింది.

హోలీనాటికి నాన్న లేచాడు. లేవడమంటే మామూలుగా కాదు. రంగులు మోపెడు తెచ్చాడు, వరసగా ఆరిళ్ళ ప్రహరీలకు ఎర్రరంగు తానే వేసేశాడు. అమ్మ సంతోషంతో డాక్టరమ్మకు చెప్పడానికి వెళ్ళింది. "ఇప్పుడు మహ బాగున్నారండి" అని తెలుగులోనే అనేసి, మళ్ళీ హిందీలో చెప్పింది. ఆవిడ నవ్వలేదు. ఇలా ఇంతకుముందు ఎప్పుడైనా ఉన్నాడా అని అడిగింది. తమ్ముడు హిందీలో గబగబా బుట్టెడు ఎద్దుల కథ చెప్పాడు. ఆవిడ కలం కింద పెట్టి, ఇది మొదటిసారే ఎందుకు చెప్పలేదు అంది. మంచి రోజుల గురించి డాక్టరుకెవరు చెబుతారు? కానీ ఆ మంచి రోజుల్లోనే నాన్న మిల్లులో తిరుగుతున్న రోలర్ల పక్కకు టోపీ కూడా లేకుండా పోయి, తనకేమీ కాదని నవ్వుతూ నిలబడ్డాడని తోటి పనివాళ్ళు తర్వాత చెప్పారు.

జబ్బు పేరు మారింది, గోడవైపు తిరిగే వారాలూ ఎద్దుల వారాలూ కలిపి ఒకే జబ్బని. అంతలోనే పేరు మార్చేస్తే ముందుది తప్పా అని అమ్మ బెంగపడింది. మలేరియాకైతే రక్తం చూస్తే తెలుస్తుంది, మనసుకు అలాంటి పరీక్ష లేదు, రోజులు ఎలా నడుస్తున్నాయో పూర్తిగా వింటే తప్ప అది ఏ రకమో తెలియదు, సగం వింటే సగం పేరే పెడతాం అని డాక్టరమ్మ చెప్పింది. పేరు పెట్టేది జబ్బుకే, మీ ఆయనకు కాదు అని కూడా అంది. ఇచ్చిన మాత్ర ఒక లోహం నుంచి చేసిందని తెలిసి నాన్న చాలా రోజులకు తనలా నవ్వాడు. "బతుకంతా ఇనుంతోనే గదా. ఇంకో లోహం నన్నేటి సేస్తది" అన్నాడు.

మాత్ర పనిచేసింది. కంబళి నాన్న రావడం తగ్గింది. బుట్ట నాన్న మళ్ళీ రానేలేదు. తర్వాతి పోలాకి నాన్న తమ్ముడికి ఒక జత ఎద్దులు తెచ్చి, చక్రాలు సరిగ్గా బిగించి ఇచ్చి, పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. వీధి పిల్లలు గుమ్మంలో కాసేపు చూసి వెళ్ళిపోయారు. నాకు డాక్టరమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. మా నాన్నలో బాగున్నదాన్నే తీసేసుకుందని ఏడ్చాను. అమ్మ మాత్రం ఆ రాత్రి, ఎన్నో ఏళ్ళ తర్వాత, నాన్న ఎటు లేచిపోతాడోనని తలుపు దగ్గర చెవి పెట్టకుండా నిశ్చింతగా పడుకుంది. ఆ రెండూ నిజమేనని ఒప్పుకోవడానికి నాకు సగం వయసు పట్టింది.

ఇప్పుడు నేను స్కూల్లో పన్నెండో తరగతికి సైకాలజీ చెబుతాను. మానసిక రుగ్మతల వర్గీకరణ పాఠం రాగానే క్లాసు హుషారవుతుంది. మనోస్థితికి సంబంధించినవి ఒక వర్గం, ఆందోళనవి ఒకటి, ఉన్నదానికీ తోచినదానికీ మధ్య గీత చెరిగిపోయేవి ఒకటి అని బోర్డు మీద రాస్తుంటే, వెనక నుంచి ఎవరో ఒకరు "మేడమ్, మా మమ్మీకి ఓసీడీ" అంటారు, అందరూ నవ్వుతారు. ఎన్నాళ్ళుగా ఉంది, తిండినీ నిద్రనూ పనినీ ఎంత ఆపేస్తోంది, దానికి ముందేమైంది, ఆ తర్వాతేమైంది అని అడగకుండా పేరు పెట్టకూడదని చెబుతాను. ఎద్దుల బుట్ట సంగతి మాత్రం చెప్పను.

నిన్న మధ్యాహ్నం నాన్న కర్ర ఊతంతో డాబా ఎక్కి వచ్చి, ఎండలో ఉన్న కంబళి పేలికలు వేళ్ళతో తడిమాడు. అమ్మ పోయి ఐదేళ్ళు. పాత వీధిలో సగం క్వార్టర్లకు తాళాలు పడ్డాయి, కాకీ వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు, కిటికీలకు చాపలూ గోనెలూ కట్టేవాళ్ళు లేరు, కేక మధ్యలో ఆపే కూరల బండీ లేదు. ఇలాంటి మర్యాద ఇంకే ఊళ్ళో ఉండేది నాన్నా, మీరు పడుకోవాలని వీధి వీధంతా ఊపిరి బిగబట్టేది కదా అన్నాను.

"నేను పడుకునీవోణ్ణి కాదమ్మా" అన్నాడు నాన్న. "మెలకువగానే ఉండీవోణ్ణి. మీ యమ్మ కట్టీసి ఎల్లిపోయీది. బయట మీ అడుగులు కూడా ఇనబడీవి కాదు. అందరూ ఎటో పోయేరనిపించీది. ఎవురైనా గోల సేస్తే బాగుణ్ణని సూసీవోణ్ణి. అడగడానికి నోరొచ్చీది కాదు."

అతన్ని నెమ్మదిగా కిందికి దించి మంచం మీద కూర్చోబెట్టి, వీధివైపు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాను. బయట పిల్లలెవరూ లేరు. వంటింట్లోకి వెళ్ళి, చారుపొడికి ధనియాలు మిక్సీలో వేయబోయి ఆగి, అటక మీది ఇత్తడి రోలు దింపి గచ్చు మీద పెట్టాను.

"నాన్నా, దంచుతున్నాను. చప్పుడవుతుంది" అన్నాను.

"అవనీ తల్లీ" అన్నాడు.