కుర్దుల కొండ, పెద్దింటి తాంబూలం

మొన్న మా మనవడు సెల్‌ఫోన్ చూస్తూ, రక్త పరీక్షలు చేస్తే కుర్దులూ యూదులూ పూర్వం దగ్గరి చుట్టాలని తేలిందట అవ్వా అని చెప్పి, అయినా కుర్దులంటే నీకేం తెలుస్తుందిలే అని నవ్వాడు. వాడి నాన్న పుట్టకముందే, పత్తికొండ దగ్గర మా పల్లెలో, అరుగు మీద కూర్చుని కుర్దుల కథ విన్నదాన్నని వాడికి చెప్పలేదు. చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది. నా ఈడువాళ్లు మీరు, మీతో చెప్పుకుంటే తప్పులేదు.

మా జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న, మొదటి పెద్దయుద్ధంలో తెల్లదొరల కంచరగాడిదల దండుతో సముద్రం దాటి, మోసుల్ పట్నం అవతలి కొండల్లోకి పోయినవాడు. అక్కడ జ్వరం తగిలి పడిపోతే ఒక కుర్దుల ఊళ్లో వదిలేసి దండు ముందుకు సాగిపోయిందట. చాప పరిచి పడుకోబెట్టింది అద్దకం పనిచేసే యూదులు, పాలు పోసింది పక్కింటి కుర్దు ముసలామె. భుజాల మీద పాములు మొలిచిన రాజొకడు వాటికి పడుచువాళ్ల మెదళ్లు మేపుతుంటే, వంటవాళ్లు దయతలచి తప్పించిన పిల్లలే ఈ కొండలెక్కి కుర్దులయ్యారని ఆమె చెప్పేదట. అదేం కాదు, ఒక రాజు మావాళ్లను చెరపట్టి ఇటు తోలితే, వాళ్లలో మా దేవుడి విశ్రాంతి దినం మరిచిపోయినవాళ్లే వీళ్లు అని అద్దకపాయన నవ్వేవాడట. సైగలతోనూ వచ్చీరాని ఉర్దూతోనూ జేజినాయనకు ఎంత అర్థమైందో, ఎంత కల్పించుకున్నాడో దేవుడికే తెలియాలి. రెండిళ్లవాళ్లూ ఒకే ఊట నీళ్లు తాగడం మాత్రం ఆయన కళ్లారా చూశాడు.

ఇలాంటి కథ మాకూ ఒకటుండేది. ఏదో పాత కరువులో ఇద్దరు అన్నదమ్ములు మా ఊరికి వచ్చారట. ఆకలితో ప్రాణం పోతున్న తమ్ముణ్ణి, చచ్చిన ఆవు మాంసం వండిపెట్టి అన్న బతికించాడట. బతికిన తమ్ముడు భూములు సంపాదించి, మాంసం వండిన అన్నను ఊరవతల పెట్టాడు. ఆ తమ్ముడి సంతతి మేము, అన్న సంతతి ఊరవతలి ఆ పాలెంలో రెండు తరాల కింద క్రైస్తవంలో కలిసిన ఒక కుటుంబం. మా ఇంట్లో పెండ్లయితే మొదటి తాంబూలం వాళ్లకే పోవాలి, వాళ్లను పెద్దింటివాళ్లు అనే పిలవాలి. అయితే ఆ తాంబూలం చేతికిచ్చేవాళ్లం కాదు, వాళ్ల మొండిగోడ మీద పెట్టి వచ్చేవాళ్లం.

నాకు పెండ్లి కుదిరిన ఏడాది వానలు పూర్తిగా ముఖం చాటేశాయి. పాలెం బావి ఎండిపోయింది, ఎద్దులతో నీళ్లు తోడే మా కపిలబావిలో మాత్రం అడుగున ఊట మిగిలింది. పాలెంలో తక్కినవాళ్లు ఎర్రగుంట్ల వైపు రాళ్ల గనులకు వలసపోతుంటే, పెద్దింటాయన కూడా మూట కట్టాడు. కోడలు పచ్చి బాలింత, యాడికి పోతావు, మా బావిలో ముంచుకో అని జేజినాయన ఆపాడు. ఆ మాట నమ్మి ఆయన మూట విప్పాడు.

అన్నదమ్ముల కథ నిజమైతే నీళ్లూ వాళ్లకు పారతాయనుకున్నాడు మా పిచ్చి జేజినాయన. పాలెం కడవ మునిగిన బావి నీళ్లు తాగే ఇంట్లో భోజనానికి చేయి కడగబోమని మగపెండ్లివాళ్లు కబురంపారు. మా నాన్న బావి మెట్లకు అడ్డంగా కంప వేయించి, ఇద్దరు జీతగాళ్లను కాపలా పెట్టాడు. జేజినాయన ఆ కంప ముందు నిలబడి, "ఆ కొండల్లో కుర్దోడు, యూదోడు ఒగే ఊటలో తాగుతాండిరి. మనం అన్నదమ్ములమని తాంబూలం ఇస్తాండామే, నీళ్లు ఇయ్యలేమా?" అన్నాడు.

"కతలు పెండ్లిండ్లలో చెప్పుకునేదానికి నాయనా," అన్నాడు మా నాన్న, "కడవలు ముంచేదానికి గాదు."

కడవలతో వచ్చినవాళ్లు కంపను చూసి వెనక్కి పోయారు. కుంట అడుగున మిగిలిన బురద నీళ్లే వాళ్లకు గతి అయ్యాయి. బాలింతకు బేదులు పట్టి పాలు ఎండిపోయాయి, పెదవులు తడపడానికి ఆ నీళ్లే పోస్తే పసిబిడ్డ చచ్చిపోయింది. నా పెండ్లి ఆగలేదు. ఆచారం తప్పకూడదని మా నాన్న తాంబూలం పంపితే, పెద్దింటాయన గోడ దగ్గరికి వచ్చి తీసుకుని, తెచ్చిన మా మేనత్తతో అన్నాడు:

"మీ పెండ్లిపాప సల్లగా ఉండాల. ఇంగ మమ్మల్ని పెద్దింటోళ్లని పిలవొద్దండమ్మా."

ఆ వారంలోనే వాళ్లు ఊరొదిలారు. యాడ ఉండారో జేజినాయన ఎంత వాకబు చేయించినా తెలియలేదు. అదే రోజుల్లో బడిపంతులు పత్రిక చదివి, ఆ మోసుల్ కొండల్లోని యూదులంతా ఊళ్లు ఖాళీ చేసి పోతున్నారని చెప్పాడు. జేజినాయన విని, ఆడ గూడానా అన్నాడంతే. మళ్లీ ఆయన నోట కుర్దుల కథ నేను వినలేదు.

ఇప్పుడు మా ఊళ్లో అందరికీ ఒకే కొళాయి నీళ్లు, కడవ ఎవరిదని అడిగేవాడు లేడు, అది నిజంగా సంతోషమే. పోయిన ఏడు మనవరాలి పెండ్లిలో అలవాటు చొప్పున మొదటి తాంబూలం నేనే కట్టాను. ఇది ఎవరికవ్వా అని మనవడు అడిగాడు. పెద్దింటికి అన్నాను. ఆ ఇల్లెక్కడుందో చెప్పు, కారులో పోయి ఇచ్చి వస్తానన్నాడు వాడు. ఆకులు వాడిపోయేదాకా అది నా ఒడిలోనే ఉండిపోయింది.